పిల్లల చేతి నక్షత్రం: ఈ క్రిస్మస్‌కి అలంకరణలన్నీ ఇంట్లోనే!

డిసెంబరు వచ్చిందంటే చాలు, బజారంతా ఎరుపూ ఆకుపచ్చా! షాపుల ముందు ప్లాస్టిక్ చెట్లు, మెరుపు తీగలు, తళతళలాడే బంతులు వేలాడుతుంటాయి. "అమ్మా, అది కొను, ఇది కొను" అంటూ పిల్లలు కొంగు పట్టుకు లాగుతారు. కొన్నారే అనుకోండి, ఓ పది రోజులు గోడకి వేలాడతాయి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ మెరుపు తీగల్ని ఎండుటాకుల కుప్పలో వేసి ఎవరో అగ్గిపుల్ల గీస్తే వచ్చే నల్లటి పొగ, ఆ వాసన మీకు తెలియనివి కావు.

అలంకరణకి వాడే థర్మోకోల్‌ని మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అదీ ఉంది. యూరప్ దేశాల్లోనైతే విడిగా పొట్లాల్లో అమ్మే ప్లాస్టిక్ చమ్కీ పొడి మీద కూడా 2023 అక్టోబరులో ఆంక్షలు వచ్చాయి. పిల్లలు ఇష్టంగా చల్లే ఆ పొడి నేల మీంచి ఊడ్చినా పూర్తిగా పోదు, కడిగితే నీళ్ళలో కలిసి కాలవలోకి పోతుంది. అంచేత ఈసారి వాటి జోలికి పోకుండా చేద్దాం. క్రిస్మస్ మీ ఇంటి పండుగే కావచ్చు, పక్కింటి వాళ్ళ పండుగ కావచ్చు. అరిసెలూ కేకు ముక్కలూ గోడ మీదుగా అటూ ఇటూ మారే చోట పిల్లలకి ఆ తేడా ఏముంటుంది చెప్పండి!

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇవి మీరు చేసి పిల్లలకి చూపించేవి కావు. వాళ్ళు చేస్తుంటే మీరు పక్కన కూర్చునేవి. ఒక కోణం వంకర పోయిందా? పోనివ్వండి. వాళ్ళు పడుకున్నాక మీరు లేచి చక్కగా మళ్ళీ అంటించారనుకోండి, పొద్దున్నే కనిపెట్టేస్తారు. ఇంకోసారి "రా నాన్నా, చేద్దాం" అంటే, "నువ్వే చేసుకో" అంటారు. వచ్చిన చుట్టాలు చూసి ఏమనుకుంటారోనన్న బెంగ మనకుంటుంది నిజమే. చుట్టాలు ఓ పూట ఉండి వెళతారు, పిల్లలు మనతోనే ఉంటారు కదా!

వెదురు బద్దల నక్షత్రం

మడతలు విప్పితే చాలు తయారయ్యే అట్ట స్టార్లు బజారులోకి రాకముందు, మన కోస్తా ఊళ్ళలో చాలామంది వెదురు బద్దలతోనే నక్షత్రం కట్టుకునేవారు. ఇప్పటికీ ఆ పని తెలిసిన తాతయ్యలు ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఈ పని పూర్తిగా ఆయనకే అప్పజెప్పండి, పిల్లలతో పాటు ఆయనకీ కాలక్షేపం.

రెండడుగుల పొడవున్న సన్నటి వెదురు బద్దలు పది కావాలి. బుట్టలు అల్లే మేదర్ల దగ్గర అడిగితే చీల్చి ఇస్తారు. అంచులకి పేళ్ళు ఉంటాయి కాబట్టి పిల్లల చేతికిచ్చే ముందు మీరే గరుకు కాగితంతో రుద్దండి. ఇక కట్టడం ఎలాగంటారా? పెన్సిల్ ఎత్తకుండా అయిదు గీతల్లో పిల్లలు చుక్క గీస్తారు చూడండి, అచ్చంగా అదే. ముందు నేల మీద సుద్దతో అంత పెద్ద చుక్క గీయించి, ఒక్కో గీత మీద ఒక్కో బద్ద పెట్టమనండి. కొసలు కలిసే అయిదు చోట్లా, మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్లా పురికొసతో గట్టిగా కట్టాలి. అలాంటివి రెండు చుక్కలు చెయ్యండి. ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసలూ జతలు జతలుగా కలిపి కట్టెయ్యండి. ఇప్పుడు అయిదంగుళాల పుల్లలు అయిదు తీసుకుని, మధ్యలో బద్దలు దాటే చోట్ల రెండు చుక్కలకీ నడుమ నిలబెట్టి కట్టండి. అంతవరకూ పల్చగా పడుకున్న చుక్క ఒక్కసారిగా పొట్ట ఉబ్బించుకుని లేస్తుంది! పిల్లలు కేరింతలు కొట్టేది అప్పుడే.

కాగితం కోసం వెతుక్కోనక్కర్లేదు. సంక్రాంతి గాలిపటాల కోసం రంగు కాగితాలు డిసెంబరులోనే షాపుల్లోకి వస్తాయి. పల్చగా ఉంటాయి కాబట్టి వెలుతురు బాగా దిగుతుంది. అంటించడానికి రెండు చెంచాల మైదాని కొద్ది నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసు నీళ్ళు పోసి సన్నని సెగ మీద గరిటె ఆడిస్తూ ఉడికించండి. గంజిలా చిక్కబడి మెరుపు రాగానే దింపెయ్యండి. పుస్తకాలకి అట్టలు వేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఈ బంకలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే గిన్నెలో వద్దే వద్దు. మిగిలిన బంక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి కూడా పనికొస్తుంది. గిన్నె మీద చీటీ అంటించడం మరవకండి, మీ వారు పాయసం అనుకోగలరు!

లోపల దీపం పెట్టడానికి వెనకవైపు ఒక రెక్కకి కాగితం అంటించకుండా వదలండి. దీపం అంటే చిన్న ఎల్‌ఈడీ బల్బు మాత్రమే. పాతకాలపు పసుపు బల్బు వేడికి పల్చటి కాగితం మాడిపోతుంది, కొవ్వొత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. వైరు అతుకులు లేకుండా ఉండాలి. వరండా బయట కట్టేటట్టయితే మంచు పడి కాగితం నానుతుంది, చూరు కిందికి జరపండి.

ఇంత పెద్దది వద్దు, ఓపిక లేదు అనుకునేవారు కొబ్బరి ఈనెలతో జానెడు చుక్కలు చేయించండి. ఎనిమిదేళ్ళ పిల్లలు సొంతంగా కట్టగలరు. ఈనెలకి పాత చీర అంచు జరీ దారం చుట్టారంటే చమ్కీ లేకుండానే మెరుస్తుంది.

పశువుల పాక

యేసు పుట్టిన పాకని బొమ్మలుగా పేర్చడం ఎప్పుడు మొదలైందంటే, అందరూ చెప్పేది ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరి సంగతి. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అక్కడ ఒక పశువుల తొట్టి పెట్టించి, ఎండుగడ్డి పరిపించి, నిజం ఎద్దునీ నిజం గాడిదనీ తెచ్చి నిలబెట్టించాడట. మనకి గాడిద దొరక్కపోయినా గడ్డికి కరువు లేదు. డెల్టాలో సార్వా కోతలు అయ్యే రోజులే ఇవి. పల్లెలో ఉన్న అమ్మమ్మ వాళ్ళకి చెబితే ఓ చిన్న గడ్డి మోపు బస్సెక్కి వస్తుంది.

చెప్పుల అట్టపెట్టెని పక్కకి తిప్పి, పైన వరిగడ్డి కప్పు నేస్తే పాక తయారు. బొమ్మలకి చెరువు బంకమన్ను తెప్పించండి. వినాయక చవితికి మట్టి వినాయకుణ్ణి చేసిన పిల్లలకి కొత్తగా నేర్పేదేం లేదు. మట్టిలో గడ్డిని సన్నగా తుంచి కలిపితే ఆరేటప్పుడు పగుళ్ళు తక్కువ. ఎండలో పెట్టకండి, నీడలోనే మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. గొర్రెలతో మొదలుపెట్టించండి. ముద్ద చేసి నాలుగు కాళ్ళు పెడితే గొర్రే! మనుషుల బొమ్మలు కాస్త కష్టం. ముక్కు రాలేదని ఏడ్చే పిల్లలకి, ముసుగు కప్పుకున్న మరియమ్మకి ముక్కు కనిపించనక్కర్లేదని చెప్పండి. బొమ్మల కొలువుకి తెచ్చుకున్న కొండపల్లి ఆవూ ఎడ్లబండీ అటక మీద ఉంటే వాటినీ దింపండి. పొణికి కర్రతో చేసిన ఆ ఆవు బేత్లెహేము పాకలో ఎంత బాగా ఒదిగిపోతుందో!

పాక ముందు పచ్చిక కావాలా? ప్లాస్టిక్ గడ్డి కొనకండి. పండుగకి పది రోజుల ముందు ఒక పళ్ళెంలో అంగుళం మందాన మట్టి పరిచి, పోపులపెట్టెలోని ఆవాలు గుప్పెడు చల్లి, రోజూ చేత్తో నీళ్ళు చిలకరించే పని చిన్నవాళ్ళకి అప్పగించండి. రెండు మూడు రోజుల్లో మొలక వస్తుంది, పండుగనాటికి పచ్చగా లేచి నిలబడుతుంది. బడినుంచి రాగానే బ్యాగు విసిరేసి పళ్ళెం దగ్గరికి పరిగెత్తకపోతే అప్పుడు చెప్పండి.

చెట్టు, దాని నగలు

మన వైపు చాలా ఇళ్ళలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. తీరం వెంబడి తోటల్లో కట్టెల కోసం పెంచేదే కాబట్టి కోతలప్పుడు ఓ కొమ్మ అడిగి తెచ్చుకోవచ్చు. అది దొరకని ఊళ్ళలో జామ చెట్టు కత్తిరించినప్పుడు పడేసిన ఎండు కొమ్మ తెచ్చి, సున్నం పూసి, ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చండి. ఏటా వాడుకోవాలంటే కడియం నర్సరీల నుంచి వచ్చే అరకేరియా మొక్క ఉంది గాని, ధర ఎక్కువ, బాగా ఎండ కాసే ఊళ్ళలో బతికించుకోవడం కష్టం. అపార్టుమెంటు వాళ్ళు బాల్కనీలోని కరివేపాకు కుండీని హాల్లోకి తెచ్చుకున్నా తప్పులేదు. మర్నాడు పోపులోకీ పనికొస్తుంది!

నగలకి శుభలేఖల కట్ట విప్పండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో వచ్చిన అట్టలు, బంగారు అంచులు పారెయ్యలేక దాచుకున్నవి ఎన్ని ఉంటాయో! గంటలు, చుక్కలు, చేపలు కత్తిరించి దారం కడితే సరి. నాలుగేళ్ళ వాళ్ళకి కాగితం చీలికలు ఇచ్చి గొలుసు అల్లమనండి. కుట్టు మిషను కింద మిగిలిన జాకెట్టు ముక్కల్ని త్రిభుజాలుగా కత్తిరించి పురికొస మీద కుడితే గుమ్మానికి తోరణం అవుతుంది. మట్టల ఆదివారానికి ఆకులతో శిలువలు మడవడం వచ్చినవాళ్ళు కొబ్బరాకుతో చిలకలు అల్లి చూడండి, ఒక్క ఆకుతో ఇంటినిండా పక్షులే.

బత్తాయి, కమలా చక్రాలు కూడా చాలా బాగుంటాయి. పావంగుళం కంటే సన్నగా అడ్డంగా కోసి, బట్టతో తడి అద్ది, జల్లెడ మీద పరిచి డాబా మీద ఎండలో నాలుగైదు రోజులు ఉంచండి. చీమలు పట్టకుండా స్టూలు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టాలి. వెలుతురులో రంగు గాజు ముక్కల్లా ఉంటాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి తేమకి బూజు పట్టవచ్చు, అక్కడివాళ్ళు ఈ ముచ్చట మానుకోవడమే నయం.

రంగులకి వంటిల్లు చాలు. బీట్‌రూట్ రసం గులాబీ రంగు ఇస్తుంది, వారం తిరిగేసరికి వెలిసిపోతుంది కూడా. పసుపు నీళ్ళలో ముంచిన కాగితం మీద సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబడుతుంది. పారాణి కలిపేది అలాగే కదా! పిల్లలకి ఇదో ఇంద్రజాలం. సున్నం మాత్రం మీ చేతిలోనే ఉండాలి, కళ్ళలో పడితే ప్రమాదం.

గింజల దండలకి చింతగింజలు, కుంకుడు గింజలు నానబెట్టి సూది గుచ్చండి. మూడేళ్ళలోపు పిల్లలుంటే అవి కూడా అందనివ్వకండి, ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు. ఇక గురివింద గింజలు! ఎర్రగా, నల్ల మచ్చతో చూడముచ్చటగా ఉంటాయి గాని అవి చాలా విషం. గట్టి పెంకు ఉన్నంతసేపు లోపలి విషం బయటికి రాదు, దండ కోసం గుచ్చామంటే ఆ పెంకుకే చిల్లు పెట్టినట్టు. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు, గన్నేరు కాయలూ అంతే. దొడ్లో ఏరుకు రమ్మని పంపే ముందు ఈ నాలుగూ చూపించి చెప్పండి. పొరపాటున నమిలారని అనుమానం వచ్చినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, ఆ గింజని చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మంచు కోసం దూది అంటించేవారు ఒకటి గుర్తుంచుకోండి. దూది, గడ్డి, ఎండు కొమ్మ, కాగితం అన్నీ నిప్పుని ఇట్టే అందుకునేవే. కొవ్వొత్తులు వెలిగించాలనుంటే ప్రార్థన బల్ల మీద, చెట్టుకీ పాకకీ దూరంగా పెట్టండి.

పండుగ వెళ్ళాక

కొత్త సంవత్సరం దాటాక సర్దడం కూడా పిల్లలతోనే చేయించండి. మట్టి బొమ్మలు దాచుకుంటామంటే దాచుకోనివ్వండి. వద్దన్నవాటిని బకెట్ నీళ్ళలో వేస్తే రాత్రికి రాత్రే కరిగిపోతాయి, ఆ నీళ్ళు మొక్కలకి పోయవచ్చు. రంగులు పూయకుండా ఉంటేనే సుమా! గడ్డి ఆవుకి, ఆవాల పళ్ళెం పెరటి మట్టిలోకి. నక్షత్రం మీది కాగితం చించేసి, చట్రాన్ని మాత్రం తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి. ఏ ఏడు కట్టారో, ఎవరు కట్టారో మధ్య పుల్ల మీద పెన్నుతో రాయించండి. అటక మీద పడేస్తే మైదా బంక వాసనకి ఎలుకలు చేరతాయి కాబట్టి, గోడకి మేకు కొట్టి ఎత్తున తగిలించండి.