స్వదేశమెవరిది? కొత్తరెడ్డిపాలెం అడుగుతున్న ప్రశ్న

గుంటూరు జిల్లా చేబ్రోలు మండలంలో కొత్తరెడ్డిపాలెం అనే గ్రామం ఉన్నది. ఆ ఊరిలో మాదిగ కులానికి చెందిన కొన్ని కుటుంబాలవారు శుక్రవారం సూర్యాస్తమయం మొదలుకొని శనివారం సాయంకాలం వరకు విశ్రాంతి దినంగా పాటిస్తారు. తమ ప్రార్థనా మందిరంలో కూడి, నేర్చుకున్నంత మేరకు హీబ్రూ భాషలో ప్రార్థిస్తారు. ఇంట మాట్లాడేది తెలుగే. తాము యూదులమనీ, తమ పూర్వికులు ఇజ్రాయెల్ దేశం నుండి వచ్చినవారనీ వారి విశ్వాసం.

ఈ సంగతి మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు చెప్పినప్పుడు ఒక బాలుడు లేచి, "సార్, ఆ దేశం యూదులందరిదీ అంటారు కదా, మరి వీళ్ళను ఎందుకు పిలవరు?" అని అడిగాడు. వెంటనే వెనుక బల్ల నుండి ఒక బాలిక, "అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళ సంగతేమిటి సార్?" అన్నది. యుద్ధ వార్తలు వింటూ మన పల్లెల రచ్చబండల మీద కూడ జనం రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటున్నారు. ఆ వాదమంతా ఈ ఇద్దరు పిల్లల ప్రశ్నలలోనే ఇమిడి ఉన్నది. ఏ పక్షం వహించినా, ముందుగా విషయం తెలుసుకోవడం మేలు.

స్వదేశం కావాలన్న కోరిక

ఐరోపాలో శతాబ్దాల పాటు యూదులు అవమానాలకు, హింసకు గురయ్యారు. తమకంటూ ఒక దేశం ఉంటే తప్ప ఈ కష్టం తీరదని భావించిన థియొడోర్ హెర్జల్ 1897లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో తొలి జియోనిస్టు మహాసభను జరిపించాడు. 1917లో బ్రిటిషు ప్రభుత్వం పాలస్తీనాలో యూదులకు స్వదేశం ఏర్పాటును సమర్థిస్తామని బాల్ఫర్ ప్రకటన ద్వారా తెలిపింది. అప్పటికి అక్కడి జనాభాలో అత్యధికులు అరబ్బులే.

ఆ కాలపు చరిత్రలో మన ప్రాంతపు జాడ కూడ ఒకటి ఉన్నది. 1918లో పాలస్తీనాలో తురుష్క సైన్యంతో పోరాడిన భారతీయ అశ్విక దళంలో హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల రౌతులు ఉన్నారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంపై నిలిచిన మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాలకు గుర్తు. రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలోనిది, 1956 తరువాత మైసూరు రాష్ట్రంలోనిది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హిట్లర్ పాలన సుమారు 60 లక్షల మంది యూదులను చంపింది. బ్రతికినవారిలో అనేకులకు తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేకపోయింది. 1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితి పాలస్తీనాను యూదు, అరబ్బు రాజ్యాలుగా విభజించాలని తీర్మానించింది. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ యుద్ధ కాలంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు తమ ఊళ్ళను విడిచిపోవలసి వచ్చింది. ఒకరికి ఇల్లు దొరికిన సంవత్సరమే మరొకరికి ఇల్లు పోయిన సంవత్సరమైంది. నేటికీ తెగని తగవుకు మూలం ఇక్కడ ఉన్నది.

తిరిగి వచ్చే హక్కు

1950 జూలై 5న ఇజ్రాయెల్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ప్రపంచంలో ఏ మూలనున్న యూదుడైనా ఆ దేశానికి వచ్చి స్థిరపడవచ్చునని దాని సారాంశం. మన దేశం నుండి కొచ్చిన్ యూదులు, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వారు వేల సంఖ్యలో తరలి వెళ్ళారు. వెళ్ళిన తరువాత కూడ బెనె ఇజ్రాయెల్ వారి వివాహాల విషయంలో అక్కడి మతాధికారులు సందేహాలు లేవనెత్తారు. వారు ఆందోళన చేయగా, 1964లో పార్లమెంటు వారిని అన్ని విధాలా యూదులుగా అంగీకరించాలని తీర్మానించింది.

యూదుడు ఎవరు అన్న ప్రశ్నకు 1970లో చట్టంలోనే నిర్వచనం చేర్చారు. యూదు తల్లికి జన్మించినవారు, లేదా యూదు మతాన్ని విధిపూర్వకంగా స్వీకరించినవారు. వేరొక మతంలో ఉండరాదు. యూదుల సంతానానికి, మనుమలకు, వారి జీవిత భాగస్వాములకు కూడ వచ్చే హక్కు ఇచ్చారు. పాలస్తీనా శరణార్థులకు మాత్రం ఇటువంటి హక్కు ఆ చట్టంలో లేదు. ఇళ్ళకు తిరిగి వెళ్ళి ఇరుగుపొరుగుతో శాంతిగా జీవించదలచిన శరణార్థులను అనుమతించాలని 1948 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి 194వ తీర్మానంలో పేర్కొన్నది. అది అమలు కాలేదు. వారందరూ తిరిగి వస్తే యూదులు అల్పసంఖ్యాకులవుతారని, అప్పుడు స్వదేశమన్న భావనే నిలవదని ఇజ్రాయెల్ వాదన. పుట్టిన ఊరికి వెళ్ళే హక్కును మతాన్ని బట్టి నిర్ణయించడం అన్యాయమని పాలస్తీనీయుల వాదన. నేటికీ ఇజ్రాయెల్ పౌరులలో సుమారు ఐదవ వంతు అరబ్బులే.

ఎఫ్రాయిము, మనష్షే

మన పల్లెలలో చర్చికి వెళ్ళే కుటుంబాలకు ఈ రెండు పేర్లు కొత్తవి కావు. యోసేపు కుమారులైన వీరి పేర్లతో ఇజ్రాయేలీయులలో రెండు గోత్రాలు వెలిశాయి. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజులు ఉత్తర రాజ్యాన్ని జయించి జనాన్ని చెరపట్టి తీసుకుపోయారు. అప్పుడు చెదరిపోయిన పది గోత్రాలు ఏమయ్యాయన్నది నేటికీ తేలని ప్రశ్న.

ఈశాన్యంలో మణిపూర్, మిజోరం రాష్ట్రాలకు చెందిన కొందరు తాము మనష్షే గోత్రీకులమని చెప్పుకున్నారు. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన మతగురువులలో ఒకరైన ష్లోమో అమార్ ఆ మాటను అంగీకరించారు. అయినా వారు విధిపూర్వకంగా మతస్వీకారం చేయవలసిందేనని నియమం పెట్టారు. ఆ కార్యక్రమాన్ని మన దేశంలోనే జరపబోగా భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది, ఇజ్రాయెల్ దానిని నిలిపివేసింది. ఒక పల్లెటూరి కుటుంబం ప్రయాణం రెండు ప్రభుత్వాల మైత్రిపై ఎలా ఆధారపడుతుందో దీనివలన తెలుస్తుంది. తరువాతి కాలంలో వారిని ముందుగా ఇజ్రాయెల్‌కు తీసుకువెళ్ళి, అక్కడ మతస్వీకారం చేయించే పద్ధతి వచ్చింది. మిగిలిన వేలమందిని కూడ 2030 లోపు రప్పించుకోవాలని 2025 నవంబరులో ఆ దేశ ప్రభుత్వం నిర్ణయించింది.

కొత్తరెడ్డిపాలెం వారు తమది ఎఫ్రాయిము గోత్రమంటారు. షమూయేల్ యాకోబి, సదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న కుటుంబాలు 1990ల ఆరంభంలో యూదు ఆచారాలు చేపట్టి ప్రార్థనా మందిరం నెలకొల్పుకున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరి మధ్య తిరిగి 2013లో ఒక గ్రంథమే ప్రచురించారు. అయితే మనష్షే వారికి లభించినటువంటి సామూహిక గుర్తింపు వీరికి లభించలేదు. బాలుడి ప్రశ్నకు సమాధానం ఇదే. విశ్వాసం వారిది, నిర్వచనం చట్టానిది, ఆ నిర్వచనాన్ని వర్తింపజేసే అధికారం మతగురువులది, మంత్రులది.

పేదరికం వలన, దేశం దాటడానికి ఈ మార్గం ఎంచుకున్నారని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాట తేలికగా అనరాదు. మన 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకు మాత్రమే వర్తిస్తుంది. యూదులమని అధికారికంగా వ్రాయించుకున్న మాదిగలు ఆ రక్షణకు వెలుపల మిగులుతారు. అక్కడ గుర్తింపు రాక, ఇక్కడ హక్కు పోయే స్థితి అది. ఊరి చివర నిలబెట్టబడిన జనం తమకూ ఒక ఘనమైన వంశచరిత్ర ఉన్నదని చెప్పుకోవడంలోని ఆవేదనను మన తాలూకాలవారు అర్థం చేసుకోలేనిది కాదు.

మన దేశం వైఖరి

1947లో భారతదేశం పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటు వేసింది. మతం పేరిట విభజన ఎంత నెత్తురు పారిస్తుందో అప్పుడే చూస్తున్న దేశం మనది. 1950 సెప్టెంబరు 17న ఇజ్రాయెల్‌ను గుర్తించినా, పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరిలో గాని ఏర్పడలేదు. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని కూడ మనం గుర్తించాము. నేడు ఇజ్రాయెల్‌తో ఆయుధాలు, వ్యవసాయ విజ్ఞానం మొదలైన రంగాలలో స్నేహం బలపడింది. రెండు రాజ్యాలు పక్కపక్కన శాంతితో ఉండాలన్నది మన ప్రకటిత విధానం.

కూలికి వెళ్ళే దారి

పొరుగున ఉన్న తెలంగాణ నుండి అనేకులు ఏళ్ళ తరబడిగా ఇజ్రాయెల్‌లో వృద్ధుల సేవకులుగా పనిచేస్తున్నారు. 2023 మేలో 42,000 మంది భారతీయ కార్మికులను నిర్మాణ, సేవా రంగాలలోకి తీసుకునేందుకు ఒప్పందం జరిగింది. ఆ అక్టోబరు 7న హమాస్ దాడి, ఆపై గాజా యుద్ధం జరిగిన తరువాత పాలస్తీనా కూలీల అనుమతులు నిలిపివేయడంతో ఆ స్థానంలో మనవారికి గిరాకీ పెరిగింది. 2024లో సరిహద్దు వద్ద క్షిపణి పడి కేరళకు చెందిన ఒక కార్మికుడు మరణించాడు.

ఈ దారిన వెళ్ళినవారికి అది స్వదేశం కాదు. సాధారణంగా 63 నెలలు దాటి పని అనుమతి ఉండదు, పౌరసత్వం రాదు. వెళ్ళదలచిన యువకులు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో తప్పక చూడాలి. 1983 నాటి వలస చట్టపు నియమాల ప్రకారం అతడు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకుమించి అడిగితే అనుమానించండి.

మన జిల్లాలోనే చూడండి

తుంగభద్ర ఎడమ కాలువ నీరు వచ్చాక కోస్తా ఆంధ్ర రైతులు సింధనూరు, మాన్వి ప్రాంతాలకు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. 1956కు ముందు గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. భాషను బట్టి గీత గీశారు గాని, కృష్ణ దాటి పెళ్ళికి వెళ్ళడానికి ఎవరినీ పత్రం అడగలేదు.

అదే సింధనూరు తాలూకాలో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన బెంగాలీ శరణార్థుల శిబిరాలు ఉన్నాయి. అక్కడే పెరిగి పెద్దవారైనా, పౌరసత్వ పత్రం లేక దశాబ్దాలుగా ఇబ్బంది పడినవారు వారిలో ఉన్నారు. 2019 పౌరసత్వ సవరణ చట్టం క్రింద 2024లో వారిలో కొందరికి పత్రాలు అందాయి. మూడు పొరుగు దేశాల నుండి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికి ఆ చట్టం వర్తిస్తుంది. ముస్లిములను చేర్చలేదన్న కారణంతో దానిపై సుప్రీంకోర్టులో సవాళ్ళు దాఖలయ్యాయి. ఇజ్రాయెల్‌లో జరిగే చర్చ మనకు పరాయిది కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

కనుక ఇటువంటి చట్టం ఏ దేశానిదైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఎవరిని రమ్మంటున్నది? ఏ పత్రం చూపమంటున్నది? వెలుపల మిగిలినవారు ఎవరు? మొదటి ప్రశ్నతో ఆగినవారు ఒక పక్షం, మూడవ ప్రశ్నను మాత్రమే పట్టుకున్నవారు మరొక పక్షం అవుతున్నారు. మా తరగతిలో ఆ బాలుడు మొదటిదాన్ని, ఆ బాలిక మూడవదాన్ని అడిగారు. రెండవ ప్రశ్న విలువ సింధనూరు శిబిరంలోని ఏ తల్లిని అడిగినా చెబుతుంది. ఇంట్లో పిల్లలు యుద్ధ వార్తలు చూసి ఏమైనా అడిగితే వారిని కసరకండి. ఈ మూడు ప్రశ్నలనూ వారి ముందుంచి, కలిసి ఆలోచించండి.