అన్నా బిలిన్‌స్కా: పారిస్‌లో ఒక పోలిష్ చిత్రకారిణి

ఉపోద్ఘాతం

19వ శతాబ్దపు పోలిష్ చిత్రకారులలో చాలామంది మ్యూనిక్, రోమ్, పారిస్ నగరాలలో స్థిరపడ్డారు. దీనికి కారణమేమిటి? స్వదేశంలో దొరకనిదేమిటి? అన్నా బిలిన్‌స్కా (1854–1893) జీవితం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

చారిత్రక నేపథ్యం

1772, 1793, 1795 సంవత్సరాలలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ను పంచుకున్నాయి. 1918 వరకు పోలండ్ అనే రాజ్యం లేదు. వార్సా నగరం రష్యా పాలనలో ఉండేది. అంటే బిలిన్‌స్కా పుట్టినప్పటికీ, మరణించినప్పటికీ పటంలో పోలండ్ లేదు. అయినా ఆమెను పోలిష్ చిత్రకారిణి అనే అంటున్నాం. ఇక్కడ జాతీయత అంటే రాజ్యం కాదు, భాషా సంస్కృతులు అని గుర్తించాలి.

విద్యాభ్యాసం

బిలిన్‌స్కా నేటి ఉక్రెయిన్‌లోని జ్లాతోపొల్‌లో జన్మించింది. వార్సాలో వొయిచేఖ్ గెర్సన్ అనే ప్రసిద్ధ చిత్రకారుని వద్ద శిక్షణ పొందింది. 1882లో, 27 ఏళ్ల వయసులో, పారిస్ చేరింది. అక్కడ కూడా ప్రభుత్వ కళాశాల అయిన ఎకోల్ దె బోజార్ 1897 వరకు స్త్రీలను చేర్చుకోలేదు. అందువల్ల ఆమె అకాదెమీ జూలియన్ అనే ప్రైవేటు సంస్థలో చేరింది. అక్కడ స్త్రీలు సజీవ నమూనాను చూసి చిత్రించే అవకాశం ఉండేది. అయితే పురుషుల కంటే చాలా ఎక్కువ రుసుము చెల్లించవలసి వచ్చేది.

స్వీయచిత్రం (1887)

1880ల మధ్యలో ఆమె తండ్రినీ, సన్నిహిత స్నేహితురాలినీ, తాను వివాహమాడదలచిన చిత్రకారుడు వొయిచేఖ్ గ్రబోవ్‌స్కీనీ పోగొట్టుకుంది. ఆ తరువాత వేసినదే ఈ చిత్రం. నల్లని దుస్తులు, వాటిపై పనిచేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్, చెదిరిన జుట్టు, చేతిలో కుంచెలు. వెనుక వేలాడుతున్న తెర సాధారణంగా నమూనా వ్యక్తి వెనుక కట్టేది. అంటే చిత్రించే వ్యక్తీ, చిత్రానికి కూర్చున్న వ్యక్తీ తానేనని ఆమె సూచించింది. ఆనాటి స్త్రీల చిత్తరువులలో కనిపించే అలంకరణ ఇందులో లేదు. పని మధ్యలో కాసేపు ఆగిన మనిషి కనిపిస్తుంది. 1887 పారిస్ సలోన్‌లో దీనికి పతకం లభించింది. ప్రస్తుతం ఇది క్రాకో జాతీయ మ్యూజియంలో ఉంది. 1889 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో కూడా ఆమె రజత పతకం అందుకుంది.

చివరి దశ

1892లో ఆంతోనీ బొహ్దనోవిచ్ అనే వైద్యుని వివాహమాడి వార్సా తిరిగివచ్చింది. స్త్రీల కోసం పారిస్ తరహాలో ఒక చిత్రకళా పాఠశాల స్థాపించాలన్నది ఆమె సంకల్పం. కాని గుండెజబ్బు వల్ల 1893లో, 38 ఏళ్ల వయసులో, మరణించింది. పాఠశాల ఏర్పడలేదు.

ముగింపు

విదేశాలకు వెళ్ళడమంటే స్వదేశాన్ని వదులుకోవడమని విద్యార్థులు సాధారణంగా రాస్తుంటారు. బిలిన్‌స్కా విషయంలో అది సరికాదు. తనకు స్వదేశంలో లభించని చదువును ఇతరులకైనా అక్కడే అందించాలని ఆమె తిరిగివచ్చింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బిలిన్‌స్కా ప్రైవేటు సంస్థలో ఎందుకు చేరవలసి వచ్చింది?
2. 1887 నాటి స్వీయచిత్రంలో వెనుక తెర ప్రాధాన్యమేమిటి?