పాత జపాను కారుకు రేకే ప్రాణం

ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు. పాత జపాను కారును కొనేవాడు నేలమీద వెల్లకిలా పడుకుని కారు అడుగు చూస్తాడు. పైన రంగు నిగనిగలాడుతున్నా, తాళం తిప్పగానే ఇంజను అందుకున్నా అతడు నమ్మడు. అడుగున రేకును తుప్పు తినేసి వుంటే బేరం వదులుకుని లేచిపోతాడు.

పాత జపాను కార్లను వెతికి కొనడం, విప్పి బాగుచేయడం, తమకు నచ్చిన మార్పులు చేసుకోవడం జపాను, అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో చాలామందికి ఒక సరదా. వీరంతా ధనవంతులేమీ కాదు. సెలవురోజున ఇంటి పక్క షెడ్డులో తామే స్పానరు పట్టుకునే ఉద్యోగులు, మెకానిక్కులు వీరిలో ఎందరో వున్నారు.

చౌక కారుకు గిరాకీ

1960 దశకంలో జపాను కారంటే చౌకబారు సరుకని అమెరికాలో చిన్నచూపు వుండేది. ఆ అభిప్రాయాన్ని మార్చిన కార్లలో నిస్సాన్ కంపెనీ వారి డాట్సన్ 240 జెడ్ ముఖ్యమైనది. జపానులో 1969లో విడుదలైన ఈ రెండు సీట్ల కారును అమెరికాలో మొదట 3,526 డాలర్లకు అమ్మారు. ఆరు సిలిండర్ల ఇంజను గల పందెపు తరహా కారు ఆ ధరకు దొరకడంతో జనం ఎగబడ్డారు. దీనిని అక్కడ నిలబెట్టిన నిస్సాన్ అధికారి యుటాకా కతయామా 2015లో 105 ఏళ్ల వయస్సులో మరణించారు. 1990 దశకంలో కంపెనీయే కొన్ని పాత 240 జెడ్ కార్లను తిరిగి కొని, బాగుచేయించి, మళ్లీ అమ్మింది.

టయోటా 2000 జి.టి. కథ మరొకటి. 1967-70 మధ్య ఇవి దాదాపు 350 మాత్రమే తయారయ్యాయి. 2013లో అమెరికాలో జరిగిన వేలంలో ఒక కారు 11 లక్షల డాలర్లకు పైగా పలికింది.

సామాన్యుల కారుకూ మోజు తక్కువ కాదు. టయోటా 1983-87 మధ్య తయారుచేసిన ఏ.ఇ. 86 రకం కరోలా చాలాకాలం మామూలు పాత కారుగానే చేతులు మారింది. 1995లో 'ఇనీషియల్ డి' అనే బొమ్మల కథ జపాను పత్రికలో మొదలైంది. సోయా పాలతో చేసే జున్నువంటి టోఫును తెల్లవారుజామున కొండదారిలో ఈ కారుపై చేరవేసే కుర్రవాడే అందులో కథానాయకుడు. ఆ కథ ప్రచారంలోకి వచ్చాక ఈ కారుకు గిరాకీ పెరిగింది.

అమెరికా చట్టం కూడా గిరాకీకి దారితీసింది. అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపడని విదేశీ కారును మామూలుగా రానివ్వరు. కారుకు 25 ఏళ్లు నిండితే ఆ అడ్డంకి తొలగుతుంది. అందువల్ల 1989లో జపానులో వచ్చిన స్కైలైన్ జి.టి-ఆర్. కార్లకు 2014 నుంచి అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. జపానులో వాటి ధరలూ పైకెగబాకాయి.

తుప్పుతోనే అసలు పోరు

ఇంజను పాడైతే భయం లేదని ఈ పనిలో ఆరితేరినవారు అంటారు. సిలిండర్లు బోరు చేయించవచ్చు, పిస్టన్లు, రింగులు మార్చవచ్చు. రేకు సంగతి అలా కాదు. లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఈ కార్లలో అధికభాగానికి రేకు బాడీయే ఛాసిస్. బరువంతా దానిమీదే వుంటుంది. తలుపుల కింది గుమ్మాలు, చక్రాల పైభాగం, బ్యాటరీ అడుగు, సీట్ల కింది నేల తుప్పు పడితే కారు బలమే పోతుంది.

మంచు కురిసే ప్రాంతాల్లో రోడ్డుమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అడుగుకు పట్టి రేకును తింటుంది. అందుకే కాలిఫోర్నియా, అరిజోనా వంటి పొడి ప్రాంతాల్లో తిరిగిన కార్లకు ఎక్కువ ధర వస్తుంది. మన సముద్రతీర గ్రామాల్లో ఉప్పుగాలి చేసే పని కూడా ఇదే.

మోసం కనిపెట్టడానికి ఒక చిన్న ఉపాయం వుంది. అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బాడీమీద జరిపితే, రేకు వున్నచోట అంటుకుంటుంది. తుప్పు కన్నాన్ని లప్పంతో పూడ్చి రంగు వేసినచోట పట్టు తప్పుతుంది.

బాగుచేసే పనికీ ఒక వరుస వుంది. విప్పేముందు ఫోటోలు తీయాలి. ప్రతి బోల్టును సంచిలో వేసి చీటీ కట్టాలి. తుప్పు పట్టిన ముక్కను కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. ఆ తర్వాత బ్రేకులు, ఇంజను, వైరింగు. రంగు చివరికి. ముందే రంగు వేయించినవాడు వెల్డింగు మంటకు అది మాడిపోయాక రెండోసారి డబ్బు పెట్టుకోవలసి వస్తుంది.

విడిభాగాలు మరొక సమస్య. తలుపు రబ్బర్లు, దీపాల అద్దాలు, డాష్‌బోర్డు వంటివాటి తయారీ ఏనాడో ఆగిపోయింది. పాత సామాన్ల యార్డుల్లో వెతకడమే దారి. అభిమానుల గోడు చివరికి కంపెనీల చెవిన పడింది. మాజ్డా కంపెనీ తన పాత రోడ్‌స్టర్ కార్లను బాగుచేసిపెట్టే పథకాన్ని జపానులో 2017లో ప్రకటించింది. అదే ఏడాది నిస్సాన్ స్కైలైన్ జి.టి-ఆర్. విడిభాగాలను మళ్లీ అమ్మకానికి పెట్టింది. 2020లో టయోటా కూడా ఆ దారి పట్టింది.

ఇంతచేసినా జపానులో పాత కారును వుంచుకోవడం తేలిక కాదు. 13 ఏళ్లు దాటిన పెట్రోలు కారుకు పన్ను సుమారు 15 శాతం పెరుగుతుంది. సొంత కార్లకు రెండేళ్లకోసారి తనిఖీ తప్పదు.

మార్పులపై రెండు వాదాలు

కంపెనీ నుంచి వచ్చినట్టే వుంచాలని కొందరు, కాలానికి తగినట్టు మార్చుకోవాలని మరికొందరు వాదిస్తారు. మార్చేవారు స్ప్రింగులు తగ్గించి కారును కిందికి దించుతారు, వెడల్పు చక్రాలు వేస్తారు, ఇంజనే మార్చేవారూ వున్నారు. అనుభవజ్ఞులు మాత్రం వేగం పెంచేముందు బ్రేకులు పెంచమంటారు. విప్పిన అసలు భాగాన్ని పారేయకుండా దాచమంటారు. రేపు అమ్మేనాడు దానికి విలువ వుంటుంది.

మన ముంగిట జపాను కారు

మూడేళ్లు దాటిన పాత కారును విదేశాలనుంచి తెచ్చుకోవడానికి మన నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. అయితే జపాను కారు మనకు కొత్తేమీ కాదు. జపాను సుజుకి కంపెనీ నమూనాతో, 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజనుతో వచ్చిందే మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలను అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ అందజేశారు. ఆ యజమాని 2010లో మరణించేవరకు అది ఆయన వద్దే వుంది. ఆ తర్వాత ఎండకు ఎండి వానకు తడిసి తుప్పు పట్టింది. దానిని బాగుచేయించి ఇప్పుడు కంపెనీ ప్రధాన కార్యాలయంలో వుంచారు. 2014లో మారుతి 800 తయారీ ఆగిపోయింది.

ఇలాంటి కారు కొనదలచిన యువకులు రేకు తర్వాత చూడవలసింది కాగితం. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నెంబర్లు కారుమీద వున్నవాటితో సరిపోవాలి. పాత అప్పు పద్దు కొట్టివేసి వుండాలి. 29, 30 నెంబరు ఫారాలపై అమ్మినవారి సంతకం తీసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

మార్పుల విషయంలో చట్టం కఠినంగా వుంది. కంపెనీ ఇచ్చిన అసలు స్వరూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. రంగు మార్చినా ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి.

అసలు రూపు చెడకుండా 50 ఏళ్లు దాటిన కార్లను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021లో వచ్చాయి. మొదటిసారి రుసుము 20 వేల రూపాయలు. ఆ లెక్కన తొలినాటి మారుతి 800 కార్లకు ఆ అర్హత 2033 చివరి నుంచి వస్తుంది. పశువుల కొట్టం పక్కన పాత మారుతి పడివున్నవారు ఇనుప సామాన్ల బండిని పిలిచేముందు ఒకసారి దాని అడుగు చూడటం మంచిది. రేకు గట్టిగా వుంటే టార్పాలిన్ కప్పి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, నేల తడికి అందకుండా వుంచితే చాలు.