తాడు లేదు, డూపు లేడు, కంప్యూటరు అసలే లేదు!

పొద్దస్తమానం కంప్యూటరుతో కుస్తీ పట్టేవాడికి, కంప్యూటరు ముట్టుకోని సినిమా అంటే ఎందుకండీ అంత మోజు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులుగా వేధిస్తోంది.

నేనుండేది మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. ఒక్క గదిలో నలుగురం. నలుగురివీ నాలుగు అభిమాన సంఘాలు! ఒక హీరో పేరెత్తితే చాలు, మిగతా ముగ్గురూ మీదపడతారు. అలాంటి గదిలో నలుగురం కిక్కురుమనకుండా కూర్చుని, ఒకే చోట ఈల వేసే సినిమా ఒక్కటే ఉంది. అది తెలుగూ కాదు, హిందీ కాదు, ఇంగ్లీషూ కాదు. థాయ్‌లాండ్ వాళ్ళ 'ఓంగ్ బాక్'!

2003లో వచ్చిన ఈ చిత్రం కథ చెప్పడానికి అర నిమిషం చాలు. ఓ పల్లెటూరి గుళ్ళో బుద్ధ విగ్రహం తల కాస్తా దొంగలెత్తుకుపోతారు. ఊళ్ళోవాళ్ళు తలా కాస్త డబ్బు పోగుచేసి టింగ్ అనే కుర్రాణ్ణి బ్యాంకాక్ పంపిస్తారు. అక్కడ సొంత ఊరివాడే ఆ డబ్బు కొట్టేసి పందెం కాస్తాడు. ఇక మిగిలింది మన కుర్రాడి మోకాళ్ళూ, మోచేతులూ! అంతే కథ.

మరి గొప్పేమిటంటారా? ఆ గొప్పంతా టోనీ జాది. తాళ్ళు కట్టలేదు, డూపుని పెట్టలేదు, కంప్యూటరు మాయ చేయలేదు అని నిర్మాతలు చాటుకుని మరీ విడుదల చేశారు. సందులో జనం తరుముతుంటే ఆ మనిషి ముళ్ళతీగ చుట్టలోంచి దూరిపోతాడు, కదిలే కారు కింద నించి జారిపోతాడు. దర్శకుడు ప్రచ్యా పింకేవ్ అదే దూకుడుని ఇంకో వైపు నించి మళ్ళీ చూపిస్తాడు. మన హీరో కారు దిగేటప్పుడు మూడుసార్లు చూపించినట్టన్నమాట! కాకపోతే ఒక్క తేడా. మనవాళ్ళు చూపించేది దర్జా. వాళ్ళు చూపించేది సాక్ష్యం. "నిజంగానే దూకాడు, కావాలంటే మళ్ళీ చూసుకో" అని!

టోనీ జా 1976లో సురిన్ ప్రాంతంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఏనుగుల్ని పెంచుకునేవాళ్ళు. బ్రూస్‌లీ, జాకీచాన్ సినిమాలు చూసి పొలాల్లో గంతులు వేసిన ఆ పిల్లవాడు, ఆ తర్వాత పన్నా రిట్టిక్రై అనే స్టంటు మాస్టారి దగ్గర ఏళ్ళ తరబడి శిష్యరికం చేశాడు. 2005లో వచ్చిన 'టామ్ యమ్ గూంగ్'లో వీళ్ళే హోటలు మెట్లమీద ఇంచుమించు 4 నిమిషాల ఫైటుని మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే షాటులో తీశారు.

అన్నట్టు, ఇంకో సంగతి. ఈ ఫైట్లకి మూలమైన పాతకాలపు ముయే బొరాన్ విద్యలో ఒక దెబ్బ ఉంది. రెండు పిడికిళ్ళూ ఒక్కసారిగా ఎదుటివాడి గడ్డం కిందికి ఎగదోయడం. దాని పేరేమిటో తెలుసా? 'హనుమంతుడు ఉంగరం సమర్పించుట'! వాళ్ళకీ రామాయణం ఉంది మరి. ఈ సంగతి తెలిసిన రోజు మా గదిలో జరిగిన హడావిడి చెప్పనలవి కాదు.

2003లోనే మన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' కూడా వచ్చింది. అందులో కిక్‌బాక్సింగ్ రింగులోకి అమ్మ సెంటిమెంటు వచ్చి నిలబడింది. ఇక్కడ ఊరి దేవుడు నిలబడ్డాడు. ఊరికే కొట్టుకుంటే మనకి చాలదు, ఎవరి కోసమో కొట్టుకోవాలి. మావాళ్ళకి ఈ సినిమా పరాయిదనిపించకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

కానీ నిజంగా దూకితే నిజంగానే విరుగుతాయి. మా గదిలో చిన్నవాడొకడు ఓ రాత్రి సెల్లారులో రెండు బైకుల మీంచి దూకాడు. మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు, ఒంటి చేత్తో టైపింగు! ఊళ్ళో వాళ్ళమ్మకి మాత్రం "మెట్లమీద జారానమ్మా" అని చెప్పాడు. ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి ఎవరం సినిమా పెట్టలేదు.

ఆమాటకొస్తే టోనీ జా మాత్రం ఉక్కుతో చేసినవాడా? 'ఓంగ్ బాక్ 2'కి తనే దర్శకుడు కూడా. 2008లో షూటింగు మధ్యలో సెట్టు వదిలి వెళ్ళిపోయాడు. చివరికి గురువు పన్నా చేయి కలిపితే సినిమా పూర్తయింది. 2010లో మూడో భాగం వచ్చిన ఏడే కాషాయం కట్టి భిక్షువయ్యాడు. తర్వాత మళ్ళీ తెరమీదికి వచ్చి, 2015లో హాలీవుడ్ 'ఫ్యూరియస్ 7'లో కనిపించాడు. గురువుగారు మాత్రం 2014లోనే కన్నుమూశారు.

కట్టు విప్పాక నేనూ మా చిన్నవాడూ కొండాపూర్‌లో ముయే థాయ్ క్లాసుకి వెళ్ళాం. మొదటిరోజే ఎగిరి తన్నడం నేర్పమన్నాడు వీడు. మాస్టారు నవ్వి, "ఎగరడం తర్వాత తమ్మీ, ముందు సక్కగ నిలబడు" అన్నాడు. నెల రోజులు నిలబడ్డమే నేర్పాడు!

ఇప్పుడు నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. పొద్దున్నించి కుర్చీలో వంగిపోయిన ఒంటికి, మనిషి ఒళ్ళు ఏమేం చేయగలదో గుర్తుచేసే సినిమా అది. గుర్తుచేస్తే చాలు. బైకుల మీంచి దూకక్కరలేదు!