షెడ్డుకెళ్లే ఇల్లు!

కారవాన్... ఈ మాట వినగానే మనకు గుర్తొచ్చేది షూటింగ్ దగ్గర హీరోగారు సేదదీరే ఏసీ బండి. బ్రిటన్‌లో మాత్రం అది మామూలు మధ్యతరగతి కుటుంబానికి సెలవుల ఇల్లు. రెండు మూడు పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఓ మూల టాయిలెట్. కారు వెనక తగిలించుకుని సముద్రతీరానికో కొండల్లోకో లాక్కెళ్లిపోవడమే. దానికి ఇంజిన్ ఉండదు, స్టీరింగూ ఉండదు. మరి ఇంజినే లేని బండికి సర్వీసింగ్ ఎందుకు?

ఎందుకంటే అది బండీ, ఇల్లూ కూడా. బండి కాబట్టి బ్రేకులూ టైర్లూ చూడాలి. ఇల్లు కాబట్టి గ్యాసు, కరెంటు, నీళ్లు, గోడలు చూడాలి. పాతబడిన కార్లకు అక్కడ ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. లాక్కెళ్లే కారవాన్‌కు అలాంటి పరీక్షేదీ లేదు. కాబట్టి బాధ్యతంతా యజమానిదే. చలికాలమంతా ఇంటి ముందు కదలకుండా పడున్న బండిని ఈస్టర్ సెలవులకు ముందే డీలర్ షెడ్డులో అప్పగిస్తారు. అందరూ అప్పుడే వస్తారు కాబట్టి ముందుగానే తేదీ రాయించుకోవాలి.

ఈ సరదా అక్కడివాళ్లకు కొత్త కాదు. నౌకాదళంలో డాక్టరుగా పనిచేసి, తర్వాత పిల్లల కథలు రాసిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో ‘ది వాండరర్’ అనే గుర్రపు కారవాన్ చేయించుకుని దేశం తిరిగాడు. 1907లో కారవాన్ క్లబ్ పుట్టింది. 1919లో ఎకిల్స్ సంస్థ కారుతో లాగే కారవాన్లను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. గుర్రాలు పోయి కార్లొచ్చాయి. బయల్దేరే ముందు అన్నీ సరిచూసుకోవాల్సిన అవసరం మాత్రం పోలేదు.

ముందు ఇల్లు ఖాళీ

మెకానిక్ చూడాల్సినవన్నీ కనిపించని చోటే ఉంటాయి. నీళ్ల హీటరు, కరెంటు పెట్టె చాలా బండ్లలో పడకల కిందే. తడి పరీక్ష చేసేది అలమరాల మూలల్లో. అక్కడంతా దుప్పట్లు, గిన్నెలు, పిల్లల బొమ్మలు కుక్కి ఇస్తే, అవి తీసి పెట్టడానికే సగం పూట పడుతుంది. కాబట్టి సామాన్లన్నీ దించేయాలి. ఫ్రిజ్ ఖాళీచేసి తుడవాలి. ట్యాంకులో, పైపుల్లో నీళ్లు చలికాలానికి ముందే వదిలేసి ఉండాలి. లేకపోతే గడ్డకట్టి పైపుల్ని పగలగొడతాయి. టాయిలెట్ కింద ఉండే పెట్టెను ఖాళీచేసి కడిగివ్వడం కనీస మర్యాద!

అలాగని అన్నీ తీసేయకూడదు. సిలిండర్‌లో కాస్తయినా గ్యాస్, బ్యాటరీలో చార్జింగ్ ఉంటేనే పొయ్యీ హీటరూ పనిచేస్తున్నాయో లేదో తెలిసేది. సిలిండర్ ఉంచాలో లేదో డీలర్‌ను ముందే అడగాలి. ఉంచితే, దారిలో దాని వాల్వు కట్టేసి ఉండాలి. తలుపు తాళాలు, సర్వీసు పుస్తకంతోపాటు దొంగల భయంతో చక్రాలకు వేసిన ప్రత్యేకమైన నట్లను విప్పే సాకెట్ కూడా ఇవ్వాలి. అది ఇంట్లో మర్చిపోతే చక్రం ఊడదు. చక్రం ఊడకపోతే బ్రేకు చూడటం కుదరదు.

చీటీ రాసి ఇవ్వండి

‘ఏదో తేడాగా ఉంది, కాస్త చూడండి’ అంటే మెకానిక్ ఏం చూస్తాడు? ‘ఫ్రిజ్ కరెంటు మీద పనిచేస్తోంది, గ్యాస్ మీద చల్లబడటం లేదు’, ‘వాన పడిన మర్నాడు కుడి కిటికీ కింద తడిగా ఉంటోంది’... ఇలా ఎక్కడ, ఎప్పుడు అన్నది రాసివ్వాలి. ఓ ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. ఖర్చు ఇంత దాటితే ఫోన్ చేసి అడిగాకే పని మొదలుపెట్టమని కూడా అందులోనే రాస్తే తర్వాత గొడవ ఉండదు.

డాక్టర్ దగ్గరా లాయర్ దగ్గరా నిజం దాచకూడదంటారు. కారవాన్ మెకానిక్ దగ్గరా అంతే. చాలామంది దాచేది తడి వాసన. పాత కారవాన్లలో చాలావాటికి గోడంటే బయట పల్చని అల్యూమినియం రేకు, లోపల చెక్క ఫ్రేము. అతుకుల దగ్గర పూసిన సీలెంట్ ఎండి పగిలితే వాన నీళ్లు చుక్కచుక్కగా దిగుతాయి. వాసనొచ్చేసరికి లోపల చెక్క మెత్తబడిపోయి ఉంటుంది. మీటరుతో చూసినప్పుడు తడి 15 శాతంలోపుంటే భయం లేదు. 20 దాటితే మరమ్మతు గురించి ఆలోచించాలి. 30 దాటితే చెక్క పాడవుతూ ఉండొచ్చు. సెంటు కొట్టి వాసన పోగొట్టినంత మాత్రాన మీటరు ఊరుకోదు. పైగా ఏటా గడువులోగా సర్వీసు చేయించి పుస్తకంలో స్టాంపు వేయిస్తేనే లీకేజీ గ్యారంటీ చెల్లుతుందని చాలా కంపెనీలు షరతు పెడతాయి.

గుడ్డలు కుక్కారా?

అన్నిటికంటే ముఖ్యమైన నిజం ఒకటుంది. కారవాన్ నేలకు కావాలనే రంధ్రాలు పెడతారు. వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిందికి దిగి ఆ రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. చలిగాలి వస్తోందని కొందరు వాటిలో గుడ్డలు కుక్కుతారు. అప్పుడు గ్యాస్ లోపలే ఉండిపోతుంది. పొయ్యి మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా వెలుగుతుంటే, గిన్నెకు మసి పడుతుంటే అదీ ప్రమాద సూచనే. సరిగా మండని గ్యాస్‌ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. అందుకే ఇలాంటివి కనిపిస్తే చీటీలో మొదటి లైనులోనే రాయాలి. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో కూడా చూడమనాలి.

దారిలో జాగ్రత్త

నెలల తరబడి కదలని బండిని షెడ్డు దాకా లాగాలిగా! టైర్లలో గాలి, వెనక దీపాలు, కారు నుంచి ఊడితే బ్రేకు పడేలా చేసే తీగ చూసుకోవాలి. టైరు పైకి కొత్తగా కనిపిస్తుంది. కానీ వయసు దాని పక్కనే రాసి ఉంటుంది. ‘2319’ అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కారవాన్ టైర్లు అరిగేకంటే ముందే ముసలవుతాయి. అయిదేళ్లకు మార్చమనీ, ఏడేళ్లు దాటనివ్వొద్దనీ చెబుతారు.

బండి ఇంటికొచ్చాక కూడా ఓ పని మిగిలే ఉంటుంది. విప్పి బిగించిన చక్రాల నట్లు కాస్త దూరం తిరిగాక వదులు కావొచ్చు. 50 కిలోమీటర్లయ్యాక టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. మోటార్‌వేలో గంటకు 60 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు చక్రం ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మన బైకునో కారునో ఇచ్చేటప్పుడు ‘అంతా ఓసారి చూసెయ్ బాబూ’ అనేసి వచ్చేస్తుంటాం. సగం సర్వీసింగ్ మన ఇంటి దగ్గరే మొదలవుతుందని అప్పుడు గుర్తురాదు. కారవాన్ యజమాని మాత్రం మర్చిపోలేడు. ఆ రాత్రి తన పిల్లలు నిద్రపోయేది అందులోనే మరి!