మీకు తెలుసా? జొన్న చేలో దొంగ, చైనాలో కాపలాదారు

ఆదిలాబాద్ జొన్న రైతు మంచె ఎక్కి వడిసెలతో తోలే గులాబీ గోరింకకు చైనాలోని షిన్‌జియాంగ్‌లో 1980ల నుంచి మనుషులే గూళ్లు కట్టి పెడుతున్నారు. అక్కడ గడ్డి మైదానాలను మింగేసే మిడతలే దానికి తిండి. ఒక దశలో ఈ పిట్టలు మిడతలను ఎంతగా తినేశాయంటే, మేత చాలక వాటి పిల్లలే చాలా చనిపోయాయి.

గులాబీ ఒళ్లు, నల్లని తల, జుట్టు. వేసవిలో మధ్య ఆసియాలో గుడ్లు పెట్టి, వానాకాలం చివరి నుంచే గుంపులుగా మన దేశానికి దిగుతుంది. కంకుల మీద పడుతుంది నిజమే, రైతు కోపం అర్థం చేసుకోదగ్గదే. పురుగులనూ తింటుంది, ఆ మాట ఎవరూ చెప్పరు. ఏప్రిల్‌కల్లా తిరుగు ప్రయాణం. అంతకుముందు బూరుగు, మోదుగ పూల తేనె దానికి మంచి ఆహారం. హోళీ రంగుకు మోదుగ పూలు తెంపేటప్పుడు కొమ్మలు విరవకుండా, పై పూలు వదిలేస్తే చాలు.

పిట్టల కోసం ఇంటి మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ మార్చండి. లోతు వద్దు, పిట్ట నిలబడగలగాలి.

సంక్రాంతి నాటికి ఈ గుంపులు ఇక్కడే ఉంటాయి. గాలిపటాల దారం వీటికి ప్రమాదం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా కరీంనగర్‌లో పండగయ్యాక ఏ చెట్టు వైపు చూసినా దారాలే. నూలు దారమైనా సరే, చేతికందేది చుట్టి చెత్తబుట్టలో వేయండి.