జీవశాస్త్ర సెమినార్‌లో హాజరు, రికార్డు

డిగ్రీ తరగతులలో జీవశాస్త్రం చదివే విద్యార్థికి సెమినార్ అనే మాట వినగానే రెండు భయాలు కలుగుతవి. ఒకటి హాజరు, రెండవది రికార్డు. ఈ రెండింటినీ వేరు వేరు నిబంధనలుగా భావించడం అలవాటయింది. హాజరు పట్టీ కార్యాలయానికీ, రికార్డు పుస్తకం పరీక్షాధికారికీ సంబంధించినవని విద్యార్థి అనుకొంటాడు. నిజానికి ఇవి ఒకే నిబంధనకు రెండు ముఖాలు. చూడవలసిన వేళకు మనిషి అక్కడ ఉన్నాడని హాజరు చెబుతుంది. ఉండి ఏమి చూచాడో రికార్డు చెబుతుంది.

మన విశ్వవిద్యాలయాలలో సాధారణంగా నూటికి 75 వంతుల హాజరు ఉండవలెనంటారు. వారానికి ఒకసారి చొప్పున పదిహేను వారాలు సెమినార్ జరిగితే 12 సార్లు రావలె. మూడు సార్లు రాకపోయినా చెల్లుతుంది. లెక్క బాగానే ఉన్నది. కాని ప్రాణికోటికి ఈ లెక్క తెలియదు. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే పండుఈగను, అనగా డ్రోసోఫిలాను, తీసుకొందాం. సుమారు 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో గుడ్డు నుండి రెక్కల ఈగ వెలువడడానికి దాదాపు పది రోజులు చాలును. వరుసగా మూడు వారాలు రాని విద్యార్థికి హాజరు తగ్గలేదు గాని, సీసాలో ఒక తరం పూర్తిగా గడిచిపోయి, రెండవ తరం కూడా ముగింపుకు వచ్చి ఉంటుంది. సంకర ప్రయోగానికి మగ ఈగలతో కలియని ఆడ ఈగలు కావలె. అవి కోశం నుండి బయటపడిన ఎనిమిది గంటలలోగా వేరు చేస్తేనే నమ్మదగినవి. ఆడ ఈగ ఒకసారి కలిసిన మగ ఈగ వీర్యాన్ని తన శరీరంలో దాచుకొంటుంది కాబట్టి, ఆలస్యమైతే పుట్టే పిల్లల తండ్రి ఎవరో చెప్పలేము. ఇక్కడ ఆలస్యానికి క్షమాపణ పత్రం పనిచేయదు.

ఇక రికార్డు. దీనినే కొన్ని ప్రాంతాలలో జర్నల్ అంటారు. ఫ్రెంచి భాషలో దినానికి చెప్పే మాట నుండి ఇది పుట్టింది. ఏనాటిది ఆనాడే వ్రాసేది జర్నల్. శాస్త్రజ్ఞులు తమ ఫలితాలను ప్రకటించే పత్రికకు కూడా ఇదే పేరు ఉండడం గమనించదగినది. మొదటిది లేనిదే రెండవది లేదు. ఇందుకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. 1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేశారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిపై ఉన్న ఫరహాబాదు అడవిలో కూడా ఆయన మకాం చేశారు. సేకరించిన ప్రతి పక్షికీ తేది, స్థలం వ్రాసిన చీటీ ఉంటుంది. ఆ సర్వే ఫలితాలు తరువాత బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారి జర్నల్‌లో వెలువడినవి. తొంభై ఏళ్ళ తరువాత కూడా ఆ అడవిలో ఏ పక్షి అప్పుడు ఉండేదో, ఇప్పుడు లేదో పోల్చడానికి వీలున్నదంటే ఆ తేదీలే కారణం. తేది లేని పక్షి చర్మం అలంకారానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

ఇదంతా పెద్ద పరిశోధకుల సంగతి, మనకేమి సాధ్యమని విద్యార్థి అడగవచ్చు. 1957లో ఇంగ్లండు నుండి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చిన జె. బి. ఎస్. హాల్డేన్, ఖరీదైన పరికరాలు లేకుండానే మన దేశంలో జీవశాస్త్ర పరిశోధన సాగించవచ్చునని చెప్పేవారు. ఆయన వద్ద పనిచేసిన యువకులలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన లాంటానా పొదల ముందు నిలిచి, ఏ రంగు పువ్వుపై ఏ జాతి సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలిందో లెక్కించారు. జాతిని బట్టి రంగుపై ఇష్టం మారుతున్నదని తేలింది. 1958లో ఆ వ్యాసం కరెంట్ సైన్స్ పత్రికలో అచ్చయింది. దానికి కావలసిన సామగ్రి పెన్సిలు, కాగితం, ఓపిక.

ఈ వ్యాసాన్ని నేను సెమినార్‌లో చదివించి, విద్యార్థులచేత అదే పని చేయించాను. సూర్యాపేట నుండి జనగామకు పోయే దారిలో ఉన్న తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్ళలో లాంటానాకు కొదవ లేదు. ప్రతివారూ తమ ఊరిలో ఒక పొదను ఎన్నుకొని, రోజూ ఉదయం తొమ్మిదింటికి పది నిమిషాలు చూచి, తేది, వేళ, ఎండ లేక మబ్బు, వాలిన సీతాకోకచిలుకల సంఖ్య వ్రాయవలె. నెల తరువాత రికార్డులు దిద్దుతుంటే రెండు పుస్తకాలలో వరుసగా తొమ్మిది రోజుల అంకెలు అచ్చంగా ఒకటే ఉన్నవి. ఆ రెండు పొదలూ రెండు వేరే ఊళ్ళలోనివి! సీతాకోకచిలుకలు అంత ఒప్పందం మీద తిరుగవు.

పిలిచి అడిగితే ఆ అబ్బాయి దాచలేదు. “పత్తి ఏర పోయిన సార్. ఖాళీ ఉంటే మీరు సంతకం పెట్టరని, దోస్తు పుస్తకం చూసి రాసిన” అన్నాడు. ఖాళీ పుట ఉంటే సంతకం చేయనని తరగతిలో చెప్పినది నేనే. తప్పులో సగం నాది. సున్న వేరు, ఖాళీ వేరు అన్న సంగతి నేను ముందుగా చెప్పి ఉండవలసింది. సున్న అంటే చూచాము, ఒక్కటి కూడా వాలలేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. సున్నను సగటులో కలుపుతాము, ఖాళీని కలుపము. ఎరువు తెచ్చుకొన్న అంకెను కలిపితే ఇద్దరి శ్రమా చెడుతుంది, ఎందుకంటే నిజంగా చూచినవాడి అంకెను కూడా ఎవరూ నమ్మరు.

ఆ తొమ్మిది అంకెలను చెరిపివేయకుండా ఒక్కొక్క గీతతో కొట్టి, ప్రక్కన “చూడలేదు – పత్తి చేను” అని వ్రాయమన్నాను. రికార్డులో రబ్బరు వాడకూడదు. తప్పు కూడా కనబడవలె. ఆ తరువాత, చేనులో ఏమి చూచావని అడిగాను. “పొద్దున తెల్లగ పూసిన పువ్వు తెల్లారేసరికి ఎర్రబడ్తది సార్” అన్నాడు. రైతుబిడ్డలందరికీ తెలిసిన విషయమే. లాంటానాలో కూడా చాలా రకాలలో పసుపుగా విచ్చిన పువ్వు తరువాత రంగు మారుతుంది. ఆ పసుపు పువ్వులలోనే మకరందం ఉంటుందనీ, సీతాకోకచిలుకలు వాటిమీదికే ఎక్కువగా పోతవనీ ఈనాడు మనకు తెలుసును. మరి ఎర్రబడిన పత్తి పువ్వు మీద తేనెటీగ వాలుతుందా?

దీనికి అతడు జవాబు చెప్పలేకపోయాడు. మరునాటి నుండి పత్తి ఏరడానికి పోయినప్పుడు పది పువ్వుల తొడిమలకు దారం కట్టి, తెల్లనివీ ఎర్రనివీ వేరుగా లెక్క వ్రాయసాగాడు. చేనులో గడిపిన ఆ ఉదయాలను నేను సెమినార్ పనిగానే లెక్కించాను. కార్యాలయపు పట్టీలో మాత్రం ఆ రోజులు గైర్హాజరుగానే ఉన్నవి. దానిని మార్చే అధికారం నాకు లేదు. చివరి వారం అతడు ఆ రికార్డును చేతబట్టుకొని మాట్లాడాడు. అందులో సున్నలున్నవి, అంకెలున్నవి, నాలుగు ఖాళీలు కూడా ఉన్నవి. ప్రతి ఖాళీకీ ప్రక్కన కారణం వ్రాసి ఉన్నది. ఆ పుటలన్నిటిమీదా సంతకం చేశాను.